బావగారి ఎడమ పక్క స్పీకర్

పోయిన నెలలో మా మేనకోడలు, షేక్‌పేటలో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటులోకి పాటలు వినడానికి మంచి సెట్టు ఒకటి కావాలని, నేను పక్కనుంటే తననెవరూ బోల్తా కొట్టించలేరని చెప్పి, మధురానగర్‌లో మా ఇంటి ముందు నన్ను కారెక్కించుకుని జూబిలీ హిల్స్‌లో ఒక షోరూముకు తీసుకెళ్ళింది. అద్దాల తలుపు, లోపల ఒళ్ళు జిల్లుమనే చలి, చెప్పులు బయటే విప్పాలేమో అనిపించే తివాచీ. మన రోజుల్లో యాంప్లిఫయర్ కొనాలంటే కోఠీ ఇరుకు కొట్లలో చెమటలు కక్కుతూ నిలబడి, కొట్టాయన కసురుకుంటున్నా సరే పెట్టె మూత విప్పించి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఎంతుందో చూసుకుని గానీ డబ్బు తీసేవాళ్ళం కాదు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇక్కడ మూత విప్పమంటే సేల్స్‌మన్ నా వంక అదోరకం జాలితో చూశాడు.

"జర గీ సోఫాల కూసోండి అంకుల్, వినిపిస్త. నూటేబై వాట్లు. ఇల్లంత అదురుతది" అన్నాడు.

ఇల్లు అదరడం ఎవరిక్కావాలయ్యా, పాట వినాలి గానీ! మామూలు గదిలో మామూలుగా వినేటప్పుడు ఐదారు వాట్లకు మించి ఖర్చు కాదని, మిగతాదంతా ఒక్కసారిగా డోలు మోగినప్పుడో గొంతు పైకి లేచినప్పుడో పెట్టె తడబడకుండా ఆదుకునే నిల్వ మాత్రమేనని, కాబట్టి అట్టపెట్టె మీద అంకె చూడకుండా పెట్టెను ఎత్తి చూడాలని, బరువున్నదే నిలబడుతుందని నాకు తెలిసిందంతా ఏకరువు పెట్టాను. పాపం, ఓపిగ్గానే విన్నాడు. ఆ తర్వాత నేను కళ్ళజోడు సర్దుకుని ఆ నల్లటి పెట్టె ముఖమంతా వెతికాను. గుండ్రటి నాబ్ ఒక్కటే ఉంది, సౌండుది. ఎడమ స్పీకర్‌కూ కుడి స్పీకర్‌కూ ధ్వని సమంగా పంచే బ్యాలెన్స్ నాబ్ ఏదయ్యా అని అడిగాను.

"గవన్నీ ఇప్పుడు యాడుంటయ్ అంకుల్? గీ చిన్న మైకు గీడ పెడితే గదే కొలుసుకుంటది. మీ చెవుల్ని గూడ ఫోన్ల టెస్ట్ జేసి, ఏ చెవికి ఎంత గావాల్నో గంతే ఇస్తది. మీకు తెల్వను గూడ తెల్వదు. ఏం ఫికర్ లేదు."

నేను సోఫాలో కూలబడ్డాను. అప్పుడే మా మేనకోడలు, ఏ ఉద్దేశమూ లేకుండా, వాళ్ళ నాన్న అయితే వీటిల్లో ఏది తీసుకునేవారని అడిగింది. వాళ్ళ నాన్న పోయేనాటికి అది ఏడో తరగతి. ఆయన ఎలా పోయాడో దానికి తెలుసు. ఆయన పోవడంలో నా చెయ్యి ఎంతుందో మాత్రం దానికి తెలియదు. ఆ క్షణం దాకా నేనెవరికీ చెప్పలేదు.

మా అక్క భర్త, మా బావగారు, ఫిల్మ్ నగర్‌లో ఒక మిక్సింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. సినిమాలో మాటలూ పాటలూ నేపథ్య సంగీతమూ అన్నీ కలిపి, ఏది ఎంత వినిపించాలో ఎటు నుంచి వినిపించాలో తేల్చి ఒక్కటిగా చేసే మనిషి. పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు వచ్చేసిన రోజుల్లో ఆయనా వచ్చాడు. నేను కృష్ణా జిల్లాలో మా చర్చి మైకుసెట్టు బాగుచేసుకుంటూ, క్రిస్మస్ ముందు ఊరూరా తిరిగి హారన్లు కట్టుకుంటూ గడిపేస్తుంటే, మా అక్క ఉత్తరం రాసి పిలిపించింది. బావగారు నన్ను అదే థియేటర్లో మెషీన్లు చూసుకునే పనిలో పెట్టించాడు. యాంప్లిఫయర్ కాలితే మార్చడం, వైర్లు తెగితే అతకడం, పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి అన్ని స్పీకర్లూ సమంగా పలుకుతున్నాయో లేదో మీటరు పెట్టి చూడడం నా ఉద్యోగం. మూడేళ్ళు వాళ్ళింట్లోనే తిన్నాను. మా అక్క వండిన గోంగూర పచ్చిరొయ్యల కూర గురించి రాయడం మొదలుపెడితే అసలు సంగతి ఎగిరిపోతుంది, అందుకని ఆగుతున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, ముందుగదిలో బావగారి సొంత సెట్టు ముందు మేమిద్దరం కూర్చునేవాళ్ళం. థియేటర్లో వారమంతా విన్నది చాలదా అని మా అక్క విసుక్కునేది. ఆ మధ్యాహ్నాలే నాకు చదువు. యాంప్లిఫయర్ అంటే ధ్వనిని పెద్దది చేసేదని అందరూ అనుకుంటారనీ, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు, తన సొంత కవిత్వం ఏమీ కలపకుండా పెద్దది చేసేదే యాంప్లిఫయర్ అనీ ఆయనే చెప్పాడు. కొనేటప్పుడు మూడు చూడమనేవాడు. మన స్పీకర్లను మోయగలదా అన్నది ఒకటి. గంట మోగించాక చెయ్యి పెడితే వేడి ఎంతుందన్నది రెండోది. ఏ పాటా పెట్టకుండా సౌండు పూర్తిగా పెంచి, స్పీకర్ దగ్గర చెవి ఆనిస్తే ఎంత నిశ్శబ్దంగా ఉందన్నది మూడోది. నాబ్‌లు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ మూడింటి మీదా ఉన్న తెల్లగీత గడియారం ముల్లులా నిటారుగా పన్నెండు దగ్గర ఉండాలి. కళ్ళు మూసుకుంటే పాడే మనిషి రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యలో నిలబడి కనిపించాలి. థియేటర్లో కొత్తగా చేరినవాళ్ళను కళ్ళు మూయించి, గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో వేలుతో చూపించమనేవాడు. వేలు జానెడు పక్కకు పోయిందో, ఆ రోజు వాడి పని అయిపోయినట్టే!

ఒక ఆదివారం చూస్తే బ్యాలెన్స్ నాబ్ గీత పన్నెండు దగ్గర లేదు, ఎడమ పక్కకు పదకొండు దగ్గరుంది. పిల్ల తిప్పి ఉంటుందనుకుని నిటారుగా పెట్టాను. పై వారానికి మళ్ళీ పదకొండు. ఈసారి తిప్పింది బావగారేనని ఆయన మాటల్లోనే తెలిసింది. ఎడమ స్పీకర్ నీరసంగా పలుకుతోందనీ, ఎడమ పక్క కొంచెం పెంచితే గానీ గొంతు మధ్యకు రావడం లేదనీ, పెట్టె విప్పి చూడమనీ అన్నాడు. విప్పాను. దుమ్ము దులిపాను, నాబ్‌లు కడిగాను, మీటరు పెట్టాను. రెండు పక్కలా సమానంగానే వస్తోంది. మీటరు కంటే చెవిని నమ్మడం మా వృత్తిలో ఆచారం, అందులోనూ ఆయన చెవి! నా మీటరే పాడైందనుకున్నాను, ఇంకో మీటరు తెచ్చాను.

అప్పుడు మేం పనివాళ్ళం అందరం చేసే పరీక్షే చేశాను. ఆయన్ను కుర్చీలో కళ్ళు మూసుకోమని, చెప్పకుండా పెట్టె వెనక ఎడమ కుడి వైర్లు అటు ఇటు మార్చాను. తప్పు పెట్టెలో ఉంటే నీరసం కుడి పక్కకు పోవాలి. ఎడమే తగ్గింది అన్నాడాయన. సరే, స్పీకర్ చెడిందేమోనని రెండు స్పీకర్లనూ ఎత్తి ఒకదాని చోట ఒకటి పెట్టాను. ఎడమే తగ్గింది అన్నాడు. వైరు కాదు, పెట్టె కాదు, స్పీకర్ కాదు. ఇక గదిలో మిగిలింది ఆ కుర్చీలో కూర్చున్న మనిషే. ఒకసారి కుర్చీ అటు తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుంటారా బావగారూ అన్నాను. అలా కూర్చుంటే ఎడమ చెవి కుడి స్పీకర్ వైపుకు వస్తుంది, ఈసారి అది తగ్గిందంటే తప్పు చెవిదే.

ఆయన కళ్ళు తెరిచాడు. నా వంక చాలాసేపు చూశాడు. ఆ చూపు కోపం కాదు, బతిమాలినట్టుంది. అంత పెద్దమనిషి నన్నలా చూడటం నేను భరించలేకపోయాను.

"అక్కర్లేదురా. పెట్టె పాతబడింది. కొత్తది చూడు" అన్నాడు.

"అలాగేనండి" అన్నాను.

ఒక్క మాట! ఆ రోజు ఆ మాట బదులు, బావగారూ లేవండి డాక్టరు దగ్గరకు వెళ్దాం అని ఉంటే నన్ను తిట్టేవాడు, ఇంట్లోంచి పొమ్మనేవాడు కూడానేమో. పోయేవాణ్ణి, కొంపేం మునిగేది? కానీ మా ఫిల్మ్ నగర్ సంగతి మీకు తెలియనిది కాదు. కాలు విరిగిన ఫైటరుకు ఇంకో పని దొరుకుతుంది గానీ, చెవి మందగించిన సౌండ్ ఇంజనీరని ఒక్కసారి పేరు పడితే మర్నాటి నుంచి థియేటర్ గేటు కూడా తియ్యరు. అందుకని మా వాళ్ళలో ఎవరికీ ఎప్పుడూ చెవి మందగించదు. స్పీకర్లే పాడవుతుంటాయి.

కొత్త యాంప్లిఫయర్ కోసం మూడు ఆదివారాలు తిరిగాం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, మా ఇద్దరికీ అంత సంతోషంగా గడిచిన రోజులు లేవు. ప్రతి కొట్లో మూత విప్పించడం, బరువు చూడటం, వేడి చూడటం; ఆయన అడిగే ప్రశ్నలకు కొట్లవాళ్ళు నీళ్ళు నమలడం; మధ్యలో ఇరానీ హోటల్లో చాయ్. తప్పు పెట్టెలో లేదని ఇద్దరికీ తెలుసు. అయినా తప్పు లేని పెట్టె కోసం ఎంత శ్రద్ధగా వెతికామో! చివరికి ఇద్దరం పట్టుకుని మొయ్యాల్సినంత బరువున్నదాన్ని ఎంచుకుని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. అంత నిశ్శబ్దమైన యాంప్లిఫయర్ నేను మళ్ళీ చూడలేదు. దాని బ్యాలెన్స్ నాబ్ రెండు వారాలు నిటారుగా ఉంది. మూడో వారం పదకొండు, సంక్రాంతి సెలవులు దాటేసరికి పది.

ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. ఒక సినిమా మొదటి కాపీ హాల్లో వేసి చూసినప్పుడు, సంగీతమంతా ఎడమ పక్కకు ఒరిగిందని దర్శకుడు అన్నాడు. బావగారు హాలువాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. హాలు తప్పు కాదని నాకు తెలుసు. ఎడమ చెవికి తక్కువ వినిపిస్తోంది కాబట్టి ఆయన ఎడమ పక్క ధ్వని పెంచి కలిపాడు, అంతే. ఇంకో సినిమాకు ఇలాగే జరిగితే ఆయన పని అయిపోతుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారగానే థియేటర్‌కు వెళ్ళి, ఎడమ స్పీకర్‌కు ధ్వని పంపే యాంప్లిఫయర్ వెనక, స్క్రూడ్రైవర్‌తో తప్ప తిరగని చిన్న స్క్రూను కొంచెం పైకి తిప్పాను. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటే ఎడమ కుడి సమంగా వినిపిస్తాయి, ఆయన సమంగా కలుపుతాడు, సినిమా హాల్లో నిటారుగా నిలబడుతుంది. సాయంత్రం ఆయన వెళ్ళాక మళ్ళీ కిందికి తిప్పేసేవాణ్ణి, వేరే ఇంజనీర్లు పనిచేయాలి కదా. ఎక్కడికి తిప్పాలో గుర్తు కోసం మా అక్కను అడిగి గోళ్ళరంగు సీసా తెచ్చుకున్నాను. ఎందుకురా అని కూడా అడగలేదు, ఇచ్చింది.

ఆ స్క్రూ పక్కన మొదట ఒక్కటే ఎర్రచుక్క. రెండు నెలలకు ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఇంకోటి. బావగారి పనికి మళ్ళీ మంచి పేరు వచ్చింది. ఒకసారి నా భుజం మీద చెయ్యి వేసి, థియేటర్ ఈమధ్య బాగా పలుకుతోందిరా అన్నాడు. నేను మురిసిపోయాను! బుద్ధి లేని వెధవని, మురిసిపోయాను. అసిస్టెంట్లకు తెలియదా అంటే, అందరికీ తెలుసు. ఎప్పుడు మొదలైందో గానీ అందరూ ఆయనకు కుడి పక్కనే నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. టీ తెచ్చే ఆయన కూడా కుడివైపు నుంచే అందించేవాడు. ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట అనుకోలేదు. ఆయనంటే అంత గౌరవం మరి.

రెండేళ్ళు దాటేసరికి ఆయన మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది. నడకలో తూలుడు వచ్చింది. జీవితంలో బీరు కూడా ముట్టని మనిషిని పొద్దున్నే తాగి వస్తున్నాడన్నారు. ఒకరోజు థియేటర్ మెట్ల మీంచి పడిపోతే అప్పుడు తీసుకెళ్ళాం ఆస్పత్రికి. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ. క్యాన్సర్ కాదట, మెల్లగా పెరిగే రకమట. నిమ్మకాయంత అయ్యింది. డాక్టరు పెద్దాయన, మర్యాదగానే అడిగాడు, ఎడమ చెవి మందగించి ఎన్నాళ్ళయిందని. మా అక్క నా ముఖం చూసింది. నేను నేల చూశాను. వినికిడి తగ్గిన కొత్తలోనే వచ్చి ఉంటే చిన్నగా ఉండగానే తీసేసేవాళ్ళమనీ, చెవి పోయినా మనిషి నిలబడేవాడనీ ఆయన చెబుతుంటే, నా కళ్ళ ముందు ఆ ఎర్రచుక్కలు వరసగా కనిపించాయి. మొత్తం తొమ్మిది.

ఆపరేషన్ అయ్యాక ముఖం ఎడమ పక్క జారిపోయింది. ఆ కన్ను మూతపడేది కాదు. మింగడం కష్టమై, పెట్టిందల్లా గొంతుకు అడ్డం పడేది. ఇంటికి తెచ్చిన మర్నాడు, పట్టుకుని నడిపించమని సైగ చేసి ముందుగదిలో ఆ యాంప్లిఫయర్ దగ్గరకు వెళ్ళాడు. ఏదైనా పాట పెట్టమంటాడనుకున్నాను. చెయ్యి చాచి, పది దాటి తొమ్మిది దాకా పోయిన నాబ్‌ను మెల్లగా తిప్పి నిటారుగా పన్నెండుకు పెట్టాడు. స్విచ్ వెయ్యలేదు. నా చెయ్యి ఒకసారి నొక్కాడు. అది క్షమించడమో, తప్పు తనదేనని చెప్పడమో, లేక ఊరికే ఆసరా కోసం పట్టుకున్నాడో, ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాలుగు నెలలకు, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చి పోయాడు. సమాధి తోటలో పెద్ద పెద్దవాళ్ళు వచ్చి, అలాంటి చెవి పరిశ్రమకు మళ్ళీ దొరకదని మాట్లాడారు. నేను వెనక వరసలో నిలబడి విన్నాను.

ఇదంతా షోరూములో ఆ మెత్తటి సోఫా మీద కూర్చుని మా మేనకోడలికి చెప్పేశాను. సేల్స్‌మన్ ఎప్పుడు పక్కకు తప్పుకున్నాడో తెలియదు. అది కారు తాళాలు తీసుకుని లేచింది. తిట్టినా బాగుండేది. నన్ను కారెక్కించుకుని తిన్నగా ఫిల్మ్ నగర్‌లో మా అక్క ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ ముందు కూర్చోబెట్టి, అమ్మకు కూడా చెప్పు మామయ్యా అంది.

చెప్పాను. మా అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"గోళ్ళరంగు ఎందుకడిగావో నాకు తెలీదనుకున్నావేంట్రా? పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనకు ఎడమ పక్కన పడుకున్న దాన్ని, నా పిలుపుకు ఆయన పలకడం మానేశాక లేచి కుడి పక్కకు మారాను. ఎందుకు మారావని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉద్యోగం పోతే ఆ మనిషి బతకడనుకున్నాను. నువ్వొక్కడివే చంపానని ఏడవకు, అందులో నాకూ వాటా ఉంది."

నా బరువు సగం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. ఎదురుగా కూర్చుని ఆవిడా మోస్తూనే ఉందన్నమాట.

రోజులు మారాయి, కాదనను. ఇప్పుడు ఏ చిన్న అనుమానం వచ్చినా స్కాన్ తీస్తున్నారు, చెవి పరీక్షకు ఎవరూ సిగ్గుపడటం లేదు. కానీ ఆ షోరూములో పెట్టె నా మనసును వదలడం లేదు. ఏ చెవికి ఎంత కావాలో అంతే ఇస్తుందట, మీకు తెలియను కూడా తెలియదట. తెల్లవారుజామున దొంగలా వెళ్ళి నేను స్క్రూడ్రైవర్‌తో చేసిన పనిని, ఇప్పుడు పెట్టే చేస్తోంది, దాన్నొక గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. నాబ్ ఉంటే కనీసం అది ఎటు తిరిగి ఉందో ఇంట్లోవాళ్ళకు కనబడేది.

మా మేనకోడలు కొత్తది కొనలేదు. వాళ్ళ నాన్న పెట్టెనే ఇప్పించమంది. నేను కూర్చుని ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, వైర్లు కొత్తవి వేసి, ఇద్దరం పట్టుకుని మోసి షేక్‌పేటలో వాళ్ళ ముందుగదిలో పెట్టాం. ఇప్పటికీ అంతే నిశ్శబ్దం. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళ్తున్నాను. లోపలికి అడుగు పెట్టగానే, చెప్పులు కూడా విప్పకుండా, ముందు ఆ బ్యాలెన్స్ నాబ్ వంక చూస్తాను. గీత నిటారుగా ఉంటే, అప్పుడు కాఫీ అడుగుతాను.